మేము బాగుచేసిన గ్రామఫోను

మన కళాశాల వార్షిక సంచికను ఒక వైపు నుండి తెరచినవారికి తెలుగు, మరొక వైపు నుండి తెరచినవారికి ఉర్దూ కనిపించును. రెండు వైపులా పాట గల నల్లని పళ్ళెమును గురించి వ్రాయబూనిన మాకు మొట్టమొదట ఈ పోలికయే తోచినది. మేము ముగ్గురము బి.యస్సి. చివరి సంవత్సరము విద్యార్థులము. ఒకరిది ఉర్దూ మాటలాడు ఇల్లు, ఇద్దరివి తెలుగు ఇండ్లు. ముగ్గురము కలసి ఒక పాత గ్రామఫోను పెట్టెను కొని, దానిని బాగుచేయ బూని, కొంత బాగుచేసి, కొంత పాడుచేసి, చివరకు నేర్చుకొన్నది ఏమో సోదర విద్యార్థులకు విన్నవించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఇందులో మా గొప్ప తక్కువ, మా తప్పు ఎక్కువ. పెద్దలు మన్నింతురు గాక.

కథకు మూలము దాదీ. ఆమె మాలో ఒకరికి సొంత నాయనమ్మ. తక్కిన ఇద్దరము కూడ ఆమెను దాదీ అనియే పిలుతుము. ఆమె భర్త పత్తి జిన్నింగు మిల్లులో కాటా వద్ద పనిచేసిన మనిషి. పగలంతయు దూది బోరెములు తూచి, సాయంకాలము ఇంటికి వచ్చి, గడ్డములో చిక్కుకొన్న నూగు దులుపుకొని, గ్రామఫోనుకు కీ ఇచ్చి కూర్చుండెడివారట. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన గాలివానను మన జిల్లాల పెద్దలు నేటికిని మరువలేదు. ఆ గాలికి వారి ఇంటి కప్పు ఎగిరిపోయినది, మిల్లులో పనియు కొన్నాళ్ళు ఆగినది. అప్పుడు ఆయన గ్రామఫోనును అమ్మివేసి రేకులు కొన్నారు. ప్లేట్లు మాత్రము అమ్మలేదు. తొమ్మిది ప్లేట్లు పాత చీరలలో చుట్టబడి, రేకు పెట్టెలో, మంచము క్రింద ఉండిపోయినవి. ఆయన గతించి ఇరువది సంవత్సరములు దాటినది. దాదీకి ఇప్పుడు చూపు మందగించినది. అయినను వారమునకు ఒకమారు ఆ ప్లేట్లను బయటికి తీయించి, ఒక్కొక్కదానిని చేతితో తడిమి, మరల చుట్టించును.

ఆ తొమ్మిదింటిలో కరుణశ్రీ గారి పద్యములకు ఘంటసాల గారు ప్రాణము పోసిన ‘పుష్పవిలాపము’ కలదు. మన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించిన కవి వ్రాసిన పద్యములు, కాటా వద్ద పనిచేయు ఒక ముస్లిము సోదరుని ఇంట ప్రతి సాయంకాలము వినిపించెడివన్న మాట మాకు ఎంతో ముచ్చట గొలిపినది. 1902లో బాపట్లలో జన్మించి, స్త్రీ పాత్రలకు ఆంధ్రదేశమంతట పేరుపొంది, 1956లో పద్మశ్రీ బిరుదమందిన స్థానం నరసింహారావు గారి నాటకపు పాట ఒకటి కలదు. సైగల్ పాడిన గాలిబ్ గజల్ ఒకటి కలదు. ఇవిగాక చిట్టచివరి ప్లేటు ఒకటి. దాని మధ్య అతికించిన కాగితము చెమ్మకు ఊడిపోయి, పాట పేరు గాని పాడినవారి పేరు గాని లేకుండెను. అది ఖవ్వాలీ అనియు, ఏదో ఉరుసులో భర్త కొని తెచ్చినాడనియు మాత్రము దాదీ చెప్పినది.

“ఇవన్నియు ఫోనులో ఉన్నవి దాదీ, ఇప్పుడే వినిపించెదము” అని మేము పుష్పవిలాపము వినిపించినాము. ఆమె ఓపికగా చివరి వరకు విని, “బాగుంది బేటా. కానీ ఇది మాది కాదు. మా ప్లేటులో ఒకచోట ముల్లు ఎగిరేది. అక్కడికొచ్చేసరికి మీ తాత నవ్వేవాడు” అన్నది. ఆ ముల్లు ఎగురు చోటు ఏ ఫోనులోను లేదు గదా! నాటి నుండి మాకు గ్రామఫోను పిచ్చి పట్టినది.

సంక్రాంతి వెళ్ళిన తరువాత వచ్చిన ఆదివారములన్నియు మిరప కోతకు వెళ్ళినాము. కోసిన చేతులతో కన్ను నలుపుకొనరాదన్న పాఠము ఏ పుస్తకములోను చదువనక్కరలేకయే వచ్చినది. అట్లు కూడబెట్టిన పైకముతో ముందు ఒక పట్టణపు పాత సామాను అంగడికి వెళ్ళినాము. అక్కడ తళతళలాడు ఇత్తడి బూరతో ఒక యంత్రము కనబడినది. కొందుమనియే అనుకొన్నాము. అదృష్టవశమున మాతో వచ్చిన గడియారముల మేస్త్రీ గారు దానిని వెనుకకు త్రిప్పి చూచి, బూర నిన్నటిది, పెట్టె మొన్నటిది, లోపలి మర ఒక్కటే పాతదని చెవిలో చెప్పినారు. అలంకారముకొరకు క్రొత్తగా కూర్చిన ఇట్టి బొమ్మ యంత్రములు దేశమంతట అమ్ముచున్నారట. మెరుపు చూచి మోసపోరాదన్నది మా మొదటి పాఠము.

తరువాత పర్చూరు ప్రక్కన ఒక పల్లెలో, ఒకప్పుడు నాటకములకు హార్మోనియము వాయించిన వారి ఇంట, అటుక మీద పెట్టె ఉన్నదని తెలిసి సైకిళ్ళపై వెళ్ళినాము. ఆ ఊరు 1970 వరకు గుంటూరు జిల్లా, తరువాత ప్రకాశము, 2022 నుండి బాపట్ల జిల్లా. మూడు జిల్లాలు మారినను పెట్టె మాత్రము అటుక దిగలేదు. అది 1931 నుండి తయారైన హెచ్.ఎం.వి. 102వ రకపు చేతిపెట్టె. మూత తెరచిన పాట, మూసిన ప్రయాణపు పెట్టె. ఇంటివారు అయిదు వేలనిరి. మేము రెండున్నరతో ప్రారంభించితిమి. మజ్జిగ త్రాగి, కష్టసుఖములు మాటలాడుకొన్న పిమ్మట మూడు వేలకు బేరము కుదిరినది. పెట్టెను దుప్పటిలో చుట్టి సైకిలు వెనుక కట్టుకొని, పత్తి చేల నడుమ నుండి రాజ్యము జయించినవారివలె తిరిగి వచ్చినాము.

ఇంటికి వచ్చి చూతుము గదా, పాట వెలువడు గొట్టములో కందిరీగలు కట్టిన మట్టిగూడు! పళ్ళెము మీది మెత్తని బట్టను చిమ్మటలు తినివేసినవి. కీ ఇచ్చిన మర గట్టిగా మూల్గునే గాని కదలదు. మాకు తోచిన వైద్యము కొబ్బరినూనె. కనబడిన ప్రతి కంతలోను పోసినాము. రెండు దినములు తిరిగినది. మూడవ దినమున మునుపటికంటె గట్టిగా బిగిసికొన్నది. గడియారముల మేస్త్రీ గారు వాసన చూచి, “తలకు రాసేది మరకు రాస్తారా నాయనా? ఇది జిగురైపోద్ది” అని మందలించి, తన దుకాణములో ఒక మూల మాకు చోటిచ్చినారు.

ఈ యంత్రమునకు విద్యుత్తు లేదు. ఉన్న శక్తి అంతయు ఒక ఉక్కు పట్టీలోనిది. బొటనవేలి వెడల్పున, మనిషి పొడవుకంటె ఎక్కువ పొడవున ఉన్న ఆ పట్టీని ఒక గుండ్రని డబ్బాలో చుట్టచుట్టి బిగింతురు. కీ ఇచ్చునపుడు మన చేతి బలము ఆ చుట్టలో దాగి, తరువాత కొద్దికొద్దిగా పళ్ళెమునకు అందును. అనేక సంవత్సరముల క్రిందటి కందెన తారువలె గట్టిపడుటచేత చుట్టలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నవి. డబ్బా తెరువవలసినదే. మేస్త్రీ గారు లేని సమయమున, వారు వచ్చులోగా పని ముగించి మెప్పించవలెనను ఆశతో, మేమే తెరచినాము. బుసకొట్టిన పామువలె ఆ పట్టీ ఒక్కసారిగా పైకి లేచినది. మాలో ఒకరి అరచేతికి నాలుగు కుట్లు పడినవి. గోనెసంచి కప్పి, చేతులకు తోలు తొడుగులు వేసికొని, ఒక్కొక్క చుట్టను వదలవలెనని వారు తరువాత చూపించినారు. పట్టీ కొన రంధ్రము వద్ద చిరిగియున్నది. ఆ కొనను మాత్రము ఎర్రగా కాల్చి మెత్తబరచి, క్రొత్త రంధ్రము పొడిచి, పట్టీని కిరసనాయిలుతో కడిగి, నల్లసీసపు పొడి కలిపిన గ్రీజు పట్టించి మరల చుట్టినారు. సన్నని ఇరుసులకు కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు చాలినవి.

ఇక వేగము. ఈ ప్లేట్లు నిమిషమునకు 78 చుట్లు తిరుగవలెను. పట్టీ నిండుగా ఉన్నపుడును, సడలినపుడును ఒకే వేగము నిలుపుటకు మూడు చిన్న గుండ్లు గల ఒక అమరిక కలదు. వేగము హెచ్చిన గుండ్లు వెలుపలికి విచ్చుకొని, ఒక రేకును మెత్తటికి రాపాడించి వేగమును తగ్గించును. భౌతికశాస్త్రములో అపకేంద్ర బలమని మార్కులకొరకు వ్రాసినది ఇక్కడ కంటి యెదుట తిరుగుచుండగా చూచినాము. పళ్ళెము అంచున కాగితపు ముక్క అతికించి, ఒకరు గడియారము చూడ, ఒకరు లెక్కింప, మొదట 91 వచ్చినది. మర త్రిప్పి త్రిప్పి, ఒక సాయంకాలమంతయు లెక్కించి, 78కి దింపినాము. శబ్దమిచ్చు డబ్బాలో పలుచని అల్యూమినియము పొర చుట్టు ఉండవలసిన రబ్బరు రాయివలె గట్టిపడినది. దానికి బదులు సైకిలు వాల్వు ట్యూబును కోసి అమర్చినాము. రూపాయలతో పోయినది.

ముల్లు సంగతి వేరు. ఉక్కు ముల్లు ఒక్క వైపు పాటకు ఒక్కటే. పాట ముగియగానే పారవేయవలెను. అరిగిన ముల్లు మరల వాడిన ప్లేటు గాడి చెడును. ముండ్లు టపాలో రావలసియున్నవి. ఆలోగా ఓపిక పట్టలేక, చేను గట్టు మీది నాగజెముడు ముల్లును కోసి ఎండబెట్టి బిగించి చూచినాము. సన్నగా, దూరము నుండి పిలిచినట్లు, పాట వినబడినది! విదేశములలో సైతము కొందరు కాక్టసు ముండ్లతో ప్లేట్లు వినెడివారని తెలిసికొని, మా గట్టు మీది ముల్లుకు అంత వంశమున్నదా అని సంతోషించినాము.

ఆ సంతోషమే మమ్ము ముంచినది. ముండ్లు వచ్చులోగా ప్లేట్లు శుభ్రము చేయవలెనని సంకల్పించినాము. అన్నింటిలో మురికిగా ఉన్నది ఆ పేరులేని ఖవ్వాలీ. దానితోనే మొదలుపెట్టినాము. కుట్లు వేసిన చేతికని తెచ్చిన స్పిరిటు సీసా దగ్గరనే ఉన్నది. గాయమును శుభ్రపరచునది ప్లేటును శుభ్రపరచదా అనుకొన్నాము. తడిపి తుడువగా తెల్లని గుడ్డ నల్లబడినది. మురికి వచ్చుచున్నదని మురిసిపోయినాము. ఇంకను తుడిచినాము. ఇంకను నల్లగా వచ్చినది. ప్రక్క దుకాణములో కుర్చీకి పాలిషు పెట్టుచున్న వడ్రంగి మేస్త్రీ గారు వచ్చి చూచి, “అయ్యో బాబూ, అది లక్క కదా! స్పిరిట్లో లక్క కరిగితేనే మా పాలిషు. మీరు మురికి తీయట్లేదు, పాట తీసేస్తున్నారు” అన్నారు.

దీపము దగ్గర పెట్టి చూచినాము. ఆ వైపు బయటి అంచు నుండి సగము వరకు గాడులు లేవు. అద్దమువలె నున్నగా ఉన్నది.

రసాయనశాస్త్రము చదువు మువ్వురము అక్కడ నిలిచి ఒకరి ముఖము ఒకరు చూచికొన్నాము. లక్క ఆల్కహాలులో కరుగునని వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే. కాని ఈ నల్లని ప్లేటు లక్కతో చేసినదని ఎన్నడును విచారింపలేదు. తరువాత చదివినాము. పాత ప్లేటులో మూడవ వంతు మాత్రమే లక్క. తక్కినది మెత్తగా నూరిన రాతిపొడి, నలుపుకొరకు మసి, గట్టిదనముకొరకు కొంచెము పత్తి నూగు. లక్క పురుగు మన దేశపు చెట్ల మీదనే విస్తారముగా బ్రతుకును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి, చివర తన పేరు తానే చెప్పుకొన్న పాటలను మైనముపై చెక్కి, జర్మనీకి పంపి అచ్చువేయించి తెచ్చెడివారు. 1908లో కలకత్తాలోనే అచ్చు కర్మాగారము వెలసినది. అనగా మన చెట్టు మీది లక్క, మన చేనిలోని పత్తివంటి నూగు, మనవారి గొంతు ఆ పళ్ళెములో ఒకటైనవి. దాదీ భర్త జీవితమంతయు తూచిన వస్తువే ఆయన వినిన పాటలోను ఉన్నది. మేము దానిని గుడ్డతో తుడిచివేసినాము.

పుష్పవిలాపము పోయినయెడల మరియొకటి దొరకును. పేరు తెలియనిదానిని ఏ పేరుతో వెదకుట?

ఇక్కడ మా రెండవ తప్పు వ్రాయవలెను. ఇది మొదటిదానికంటె పెద్దది. దాదీకి చెప్పలేదు. ఆమెకు చూపు సరిగా లేదు, తెలియదు అనుకొన్నాము. ఆ వైపు వేయకుండ రెండవ వైపు వేసిన సరిపోవును అనుకొన్నాము. ప్లేటును చీరలో చుట్టి, అన్నిటికంటె అడుగున పెట్టి, పదునైదు దినములు ఆమె ఇంటికి పోవుటయే మానినాము. పోయినను వాకిట నిలబడి మాటలాడి వచ్చితిమి. ఆ దినములలో మర చక్కగా తిరుగుచుండెను. మాకు మాత్రము దానిని చూచిన సంతోషము కలుగలేదు.

ఆ సమయముననే జపాను దేశపు పచింకో అను ఆటమరను గురించి చదువుట తటస్థించినది. నిలువు పెట్టె, దానినిండ ఇత్తడి మేకులు, చేతి మీటతో ఎగురవేయు ఉక్కు గోలీలు. 1970ల దశకములో పాతబడిన మరలు అనేకము అమెరికాకు చేరినవి. నేటికిని క్రొత్తగా నేర్చువారు వానిని కొని బాగుచేయుచుందురు. ఆ మేకులు కొన్ని వంకరగా ఉండును. క్రొత్తవాడు వంకరను చూచి, పాడైనదనుకొని, సరిచేయబోవును. కాని ఆ వంకరను పూర్వము ఒక పనివాడు సుత్తితో తట్టి, గోలీ ఎటు పోవలెనో నిర్ణయించి పెట్టినది. సరిచేసిన ఆట చెడును. ఏది మురికియో, ఏది వస్తువో తెలియక ముందే చేయి చేసికొనుట క్రొత్తవాని గుణమని మాకు అర్థమైనది. అర్థమైన తరువాత కూడ చెప్పకుండుటకు మాత్రము క్రొత్తదనము సాకు కాజాలదు.

ముగ్గురము కలసి వెళ్ళినాము. ఎవరు చెప్పవలెనని దారిలో తగవు. చివరకు అందరము ఒక్కసారి చెప్పినాము, ఎవరి మాట వారికే వినబడలేదు. దాదీ పెట్టె తెరువమన్నది. అడుగున ఉన్న ప్లేటును తానే వెదకి తీసి, అరచేతితో నున్నని చోట తడిమినది.

“నాకు ఆ వారమే తెలిసింది” అన్నది. “వారం వారం తడుముతాను గదా. ఇక్కడ పెంకులా ఉండాల్సింది గాజులా ఉంది. మీరే చెప్తారని చూశాను. ఒక వారం చూశాను. రెండో వారం చూశాను. ప్లేటు పోయినందుకు బాధ లేదు బేటా, గాలివానలో కప్పే పోయింది. పిల్లలు ఇంటికి రావడం మానేశారే అని బాధ.”

మేము తలలు వంచుకొన్నాము. మాకు ఆమె విధించిన శిక్ష ఒక్కటే: ఆదివారము పెట్టెను తెచ్చి, వాకిట పెట్టి, అందరి యెదుట వినిపించవలెను.

ఆదివారము సాయంకాలము వాకిట నీళ్ళు చల్లి చాపలు పరచినారు. గడియారముల మేస్త్రీ గారు, వడ్రంగి మేస్త్రీ గారు కూడ వచ్చినారు. తక్కిన ప్లేట్లను ముందే సబ్బునీటి చుక్కతో తడిసిన మెత్తని గుడ్డతో, మధ్య కాగితము తడవకుండ, తుడిచి ఆరబెట్టినాము. మొదట పుష్పవిలాపము. ఘంటసాల గారి గొంతు ఆ చిన్న పెట్టెలో నుండి, వేపచెట్టు క్రింద, మనిషి ఎదుట నిలిచి పాడినట్లు వచ్చినది. ఒకచోట ముల్లు టక్కున ఎగిరినది. దాదీ నవ్వినది. ఆయన నవ్వునే తాను నవ్వినట్లు మాకు తోచినది. ఎవరును మాటలాడలేదు.

చిట్టచివర ఆ ఖవ్వాలీ. రెండవ వైపు వేసినాము. అది పాట ఉత్తరార్ధము. చప్పట్లు, హార్మోనియము, ఇద్దరు ముగ్గురి గొంతులు. మూడు నిమిషములలో ముగిసినది. పాడినవారెవరో మాకు నేటికిని తెలియదు. దాదీ కొంతసేపు ఊరకుండి, తరువాత సన్నని గొంతుతో, పోయిన మొదటి వైపు పాటను తానే అందుకొన్నది. రెండు చరణములు సాగినవి. మూడవది సగములో ఆగినది. “తర్వాతది రావట్లేదు” అన్నది. మేము ఆ రెండున్నర చరణములను ఫోనులో పట్టి భద్రపరచినాము. తక్కినది ఇక ఎవరి వద్దను లేదు. ఆ లోటు మాది.

పెట్టె ఇప్పుడు దాదీ ఇంటనే ఉన్నది. ఆదివారములలో మాలో ఎవరో ఒకరు వెళ్ళి కీ ఇత్తుము. కీ పూర్తిగా బిగించి ఉంచరాదు, పాట ముగిసిన పిమ్మట పట్టీని సడలనీయవలెను, ముల్లు మార్చుట మరువరాదు. ప్రయోగశాలలో చదివినదానిని ఇంటిలో జ్ఞాపకముంచుకొనవలెనని రసాయనశాస్త్రపు తరగతి తమ్ముళ్ళకు మా మనవి. పాత వస్తువును చేపట్టువారు ముందు దాని పుట్టుక తెలిసికొనవలెను. తప్పు జరిగిన, ఆ దినమే చెప్పవలెను.

ఇంట అటుకల మీద పాత ప్లేట్లు గలవారు దయచేసి మాకు తెలుపగోరెదము. వానిలో పేరులేని ఖవ్వాలీ ఒకటి ఉండవచ్చును. రెండు చరణములు మేము పోల్చగలము.